సుగ్గికి పోయిన పాఠం

డిసెంబరు వచ్చేసరికి మా బడిలో హాజరు తొందరగా ముగుస్తుంది. జూన్‌లో నలభై రెండు పేర్లు పిలిస్తే నలభై గొంతులు పలికేవి. ఇప్పుడు పేరు పిలిచి, ఒక్క క్షణం ఆగి, తలెత్తకుండానే తర్వాతి పేరుకు పోతాను. "సుగ్గికి పోయినాడు టీచర్" అని ముందు బెంచీలోంచి ఎవరో ఒకరు చెబుతారు. మొదటి వారం ఒక్కొక్కరి గురించీ చెబుతారు. పోనుపోను చెప్పడం మానేస్తారు. నేనూ అడగడం మానేస్తాను.

కర్నూలు జిల్లా పడమటి వైపు, కోసిగి, ఆదోని, ఆలూరు, పత్తికొండ చుట్టుపక్కల ఊళ్లలో ఈ మాట తెలియనివాళ్లు ఉండరు. వానకు వేసిన పైరు చేతికొచ్చినంత వచ్చాక, ఇంటికి తాళం వేసి, ముసలివాళ్లను ఊళ్లో వదిలి, పిల్లల్నీ బియ్యం మూటల్నీ వంటగిన్నెల్నీ లారీకెక్కించుకుని గుంటూరు వైపు పత్తి తీతకూ మిరప కోతకూ పోవడమే సుగ్గి. నేను పుట్టింది నెల్లూరు జిల్లాలో. పెళ్లయి ఈ వైపు వచ్చాకే ఈ మాట విన్నాను. కన్నడం తెలిసిన తోటి టీచరొకావిడ ఒకసారి దాని అసలు అర్థం చెప్పింది. కన్నడంలో సుగ్గి అంటే పంట ఇంటికొచ్చే కాలం, సంక్రాంతి సంబరం. అక్కడ సొంత పొలంలో కళ్లం ముందు పాడుకునే పాటల మాట అది. కాస్త ఇటు వచ్చేసరికి, పరాయి ఊళ్లో పరాయి పంట కోయడానికి ఇల్లు వదిలి పోవడమైంది. సంబరం పేరు వలస మీదికి ఏ కరువులో మారిందో అని ఎన్నిసార్లు అనుకున్నానో లెక్కలేదు.

ఆ ఖాళీ బెంచీల ముందు నిలబడి నేను చెప్పాల్సిన పాఠాల్లో ఒకటి అభివృద్ధి.

పదో తరగతి పుస్తకంలో రెండు ఊహా దేశాలున్నాయి. ఒక్కో దేశంలో ఐదుగురే మనుషులు. మొదటి దేశంలో అందరి ఆదాయమూ పదివేలకు కాస్త అటూ ఇటూగా ఉంటుంది. రెండో దేశంలో నలుగురికి 500 చొప్పున వస్తే ఐదో మనిషికి 48,000 వస్తుంది. సగటు తీస్తే రెండు దేశాలకూ 10,000. సగటు చూసి దేశాన్ని నమ్మకూడదని ఇంతకంటే తేలిగ్గా చెప్పే లెక్క నాకు దొరకలేదు. పిల్లలకు వెంటనే అర్థమవుతుంది. పరీక్షలో సరిగ్గా రాస్తారు కూడా. కానీ అర్థమైన పాఠం వాళ్లలో ఏ కదలికా తీసుకురావడం లేదని నాకొక వెలితి ఉండేది. నలుగురికి 500 ఎందుకొచ్చిందని ఏ ఏడూ ఎవరూ అడగలేదు. లెక్కలో ఇచ్చారు కాబట్టి వచ్చింది, అంతే.

పరీక్షల భయం అంతగా లేని తొమ్మిదో తరగతిలో ఆ లెక్కనే ఒక ఆటగా ఆడించి చూద్దామనుకున్నాను. నూరు బుడ్డలు తీసుకెళ్లాను. మా నెల్లూరులో శనక్కాయలంటాం, ఇక్కడ బుడ్డలు. చీట్లు వేసి పదిమందిని ముందుకు పిలిచాను. పారిస్‌లోని ప్రపంచ అసమానతల పరిశోధనశాల 2021 చివర్లో విడుదల చేసిన నివేదికలో ఒక లెక్క ఉంది. ప్రపంచంలోని ఆస్తినంతా కలిపి చూస్తే, అందులో నూటికి 76 వంతులు పైనున్న పదిశాతం మనుషుల చేతిలో ఉంది. మధ్యలో ఉన్న నలభై శాతానికి 22 వంతులు. కింద ఉన్న సగం మందికీ కలిపి 2. అలాగే పంచాను. మొదటి చీటీ వచ్చిన పిల్లవాడి చొక్కా చెరగులో 76 బుడ్డలు పోశాను. నలుగురికి కలిపి 22 ఇచ్చాను. మిగిలిన ఐదుగురి ముందు రెండంటే రెండు బుడ్డలు పెట్టాను.

తరగతి నవ్వింది. 76 వచ్చినవాడు రెండు చేతులతో చెరగు పట్టుకుని కదలకుండా నిలబడ్డాడు, కదిలితే రాలిపోతాయని. ఆ ఐదుగురూ తలలు దగ్గర పెట్టుకుని రెండు బుడ్డలూ వలిచారు. ఒకదాంట్లో మూడు విత్తులు, ఇంకోదాంట్లో రెండు. తలా ఒకటి తీసుకున్నారు. నాకు గొంతు పట్టేసినట్టయింది. ఎంత చక్కగా పంచుకున్నారో చూడండర్రా అని మెచ్చుకోబోయాను. లేనివాళ్ల పంపకాన్ని మెచ్చుకోవడం ఉన్నవాళ్లందరికీ ఇష్టమైన పనే. ఆ ఐదుగురిలో ఒక అమ్మాయి విత్తు నోట్లో వేసుకోకుండా చేతిలోనే పట్టుకుని, "వలిచినోళ్లకేమీ లేదా టీచర్?" అంది.

నాకు ముందు అర్థం కాలేదు. ఏమ్మా అన్నాను. వానాకాలం ముందు విత్తనానికి బుడ్డలు వలిచే పని ఆ ఇంట్లో ఉంటుందట. అమ్మ, అవ్వ, తను గోడకానుకుని కూర్చుని వలుస్తారు. బొటనవేళ్లు పగులుతాయి. కొలతకింతని కూలి. మూట కట్టి ఇచ్చేశాక ఇంట్లో మిగిలేది పొట్టు. ఆ అమ్మాయి అడిగింది పంపకం గురించి కాదు. నేను బల్ల మీద బుడ్డలు పోసినప్పటి నుంచే పాఠం మొదలైందనుకున్నాను. ఆ అమ్మాయి లెక్కలో అంతకు ముందే చాలా జరిగిపోయింది. ఎవరి చేలో పండినవి, ఎవరు పీకారు, ఎవరు కొట్టారు, ఎవరు వలిచారు, ఎంత కూలికి? ఇవేవీ లేకుండా ఆకాశం నుంచి రాలినట్టు నూరు బుడ్డలు బల్ల మీద పడ్డాయి నా పాఠంలో. నివేదికల్లో గీసే రంగురంగుల వృత్తాలు కూడా అలాగే ఉంటాయి. ఏ ముక్క ఎంత పెద్దదో చెబుతాయి. రొట్టె కాల్చినదెవరో ఆ వృత్తంలో ఉండదు.

ఆ రోజు ఆ అమ్మాయికి నేను సరైన జవాబేమీ చెప్పలేకపోయాను. మంచి ప్రశ్న అన్నాను. మంచి ప్రశ్న అనడం టీచర్లకు తెలిసిన ఒక తప్పించుకునే దారి. గంట కొట్టారు.

ఉద్యోగంలో చేరిన కొత్తల్లో నా పద్ధతి ఇంకా వేరుగా ఉండేది. ప్రపంచ పేదరికం చెప్పాలంటే పత్రికల్లోంచి కత్తిరించిన బొమ్మలు అట్టకు అతికించి తెచ్చేదాన్ని. ఆఫ్రికా పిల్లలు, లోపలికి పోయిన కళ్లు, లెక్కపెట్టగలిగే ఎముకలు. తరగతి నిశ్శబ్దమైపోయేది. ఆ నిశ్శబ్దాన్ని నేను నేర్చుకోవడం అనుకున్నాను. ఒకసారి ఒక పిల్లవాడు, బొమ్మ చూసి నిట్టూర్చి, "మనం శానా నయం కదా టీచర్" అన్నాడు. ఆ మాట అన్నవాడి కాళ్లకు చెప్పుల్లేవు. వాడి అక్క ఆరో తరగతితో చదువు ఆపేసి అదే సమయంలో గుంటూరు చేలల్లో మిరపకాయలు కోస్తోంది. నేను వాడికి ప్రపంచం గురించి చెబుతున్నాననుకుంటుంటే, ఉన్నదానితో సర్దుకోవడం వాడు నేర్చుకుంటున్నాడు. ఇంకెక్కడో ఉన్నవాళ్ల దుఃఖాన్ని చూపించి ఇక్కడి పిల్లవాడి నోరు మూయించానేమో అన్న బాధ నన్ను చాలాకాలం వదల్లేదు. ఇంకో సంగతి కూడా ఉంది. ఆ బొమ్మల్లోని పిల్లలకు పేర్లు లేవు, మాటల్లేవు, వాళ్ల ఊళ్లో వానలెప్పుడు పడతాయో, ఏ పాటలు పాడుకుంటారో ఏమీ లేదు. ఆకలి ఒక్కటే వాళ్ల చిరునామా. మా ఊరి పిల్లల్ని ఎవరైనా అలా బొమ్మ తీసి ఇంకో దేశపు తరగతి గదిలో చూపిస్తే నేను ఒప్పుకుంటానా? ఒప్పుకోను. ఆ అట్టల్ని తర్వాత బీరువా వెనక్కి తోసేశాను.

ప్రపంచ పటం మాత్రం గోడకు ఉండిపోయింది. అది మెర్కేటర్ పద్ధతిలో గీసినది. మెర్కేటర్ అనే ఆయన 1569లో దాన్ని ఓడలవాళ్ల కోసం తయారుచేశాడు. దిక్సూచి చూపిన దిశలో తిన్నగా గీత గీసుకుని పోవడానికి అంతకంటే పనికొచ్చే పటం లేదు. దానికి చెల్లించిన మూల్యం ఏమిటంటే, భూమధ్యరేఖకు దూరమైన కొద్దీ నేల సాగిపోతుంది. పల్చటి కాగితం మీద గ్రీన్‌లాండ్‌ను గీయించి, కత్తిరించి, ఆఫ్రికా మీద పెట్టించాను. దాదాపు సరిపోయింది. నిజానికి గ్రీన్‌లాండ్ విస్తీర్ణం సుమారు 21 లక్షల 66 వేల చదరపు కిలోమీటర్లు, ఆఫ్రికా మూడు కోట్లు. పద్నాలుగు గ్రీన్‌లాండ్‌లు పడతాయి అందులో. మన దేశం 32 లక్షల 87 వేలు, అంటే గ్రీన్‌లాండ్ కంటే పెద్దది. పటంలో చూస్తే ఎవరైనా నమ్ముతారా? "మరి తప్పని తెలిసి ఇన్నేళ్లు గోడకు ఎందుకు పెట్టినారు టీచర్?" అన్నాడొకడు. 1973లో జర్మనీ చరిత్రకారుడు ఆర్నో పీటర్స్ విస్తీర్ణాలు సరిగా కనిపించే పటాన్ని ముందుకు తెచ్చి పెద్ద వాదమే లేపాడు. 2025 ఆగస్టులో ఆఫ్రికా దేశాల కూటమి పాత పటాన్ని మార్చమని అడిగే ఉద్యమానికి మద్దతు పలికింది. అంటే ఆ పిల్లవాడు అడిగిన ప్రశ్ననే ఒక ఖండం ఇప్పటికీ అడుగుతోంది.

అంకెల మీద నాకు కోపం లేదు. అంకెలు లేకపోతే మా మాట ఎవరు వింటారు? జాతీయాదాయాన్ని లెక్కకట్టే పద్ధతిని తీర్చిదిద్దిన సైమన్ కుజ్నెట్స్ 1934లోనే, ఈ లెక్క చూసి ఒక జాతి బాగోగులు తేల్చలేమని అమెరికా కాంగ్రెస్‌కు ఇచ్చిన నివేదికలో హెచ్చరించాడు. ఎవరూ వినిపించుకోలేదు. అర్ధశతాబ్దం దాటాక పాకిస్తాన్ ఆర్థికవేత్త మహబూబ్ ఉల్ హక్, కేంబ్రిడ్జిలో తనతో చదువుకున్న మన అమర్త్య సేన్‌ను తోడు తీసుకుని 1990లో మానవాభివృద్ధి సూచికను తెచ్చాడు. ఆయుర్దాయం, చదువు, ఆదాయం, మూడూ కలిపి ఒక్క అంకె. మనిషి బతుకును ఒక్క అంకెలోకి కుదించడం సేన్‌కు మొదట్లో నచ్చలేదు. జాతీయోత్పత్తి ఒక్క అంకె కాబట్టే అందరి నోళ్లలో నానుతోంది, దాన్ని పక్కకు జరపాలంటే మనకూ ఒక్క అంకె కావాల్సిందేనని హక్ పట్టుబట్టాడు. సరిహద్దుకు చెరోవైపు ఉన్న ఆ ఇద్దరు స్నేహితుల తగువు నాకెంతో ఇష్టం. ఇద్దరూ చెప్పిందీ నిజమే. ఆ సూచికలో బడిలో గడిపిన సంవత్సరాలు ఒక లెక్క. మా రిజిస్టరులో పేరు ఉన్న పిల్లవాడి సంవత్సరం సంవత్సరంగానే లెక్కకొస్తుంది. అందులో నాలుగు నెలలు వాడు మిరప సాళ్ల మధ్య ఉన్నాడని చెప్పే గడి ఏ సూచికలోనూ నాకు కనిపించలేదు.

బుడ్డల అమ్మాయి ప్రశ్న తర్వాత నాకు మా అమ్మమ్మ పదేపదే గుర్తుకు రాసాగింది.

1991లో నాకు పదేళ్లు. సెలవులకు అమ్మమ్మ ఊరికి పోతే, చీకటి పడ్డాక రామాలయం అరుగు మీద లాంతరు వెలిగేది. దాని చుట్టూ ఇరవై మంది ఆడవాళ్లు పలకలు పట్టుకుని కూర్చునేవాళ్లు. జాతీయ సాక్షరతా ఉద్యమం 1988లో మొదలైంది. కేరళలో ఎర్నాకుళం సంపూర్ణ అక్షరాస్యత సాధించిన మొదటి జిల్లాగా 1990లో పేరు తెచ్చుకుంది. మరుసటి ఏడు ఆ గాలి నెల్లూరుకు వచ్చింది. కళాజాతల వాళ్లు ఊరూరా తిరిగి డప్పు కొట్టి పాటలు పాడేవాళ్లు. చదువు చెప్పేది ఊళ్లోనే ఇంటర్మీడియట్ తప్పిన ఒక అబ్బాయి. అమ్మమ్మ మొదటి నెలంతా అరుగు దిగువన నిలబడి చూసేది. "ఈ వయసులో నాకెందుకు పాపా" అనేది నన్ను దగ్గరికి లాక్కుని. తర్వాత ఒకరోజు తనే పైకెక్కి కూర్చుంది.

ఆ తరగతిలో చదువు ఎంత జరిగేదో నాకు తెలియదు. మాటలు మాత్రం బాగా జరిగేవి. కూలి గురించి, రేషను గురించి, ముఖ్యంగా సారా గురించి. ప్రభుత్వమే ప్యాకెట్లలో పోయించి పల్లెపల్లెకూ అందించిన రోజులవి. 1970-71లో 39 కోట్లున్న రాష్ట్ర ఆబ్కారీ రాబడి 1991-92 నాటికి 812 కోట్లయింది. ఆ అంకె అరుగు మీద కూర్చున్నవాళ్లకు తెలియదు. వాళ్లకు తెలిసింది ఒకటే: కూలి డబ్బు ఇంటి గడప తొక్కదు. ఒకామె, పేరు నాకు గుర్తులేదు, ముక్కుకు ఎర్రరాయి బేసరి ఉండేది, "సారా బండి పొద్దుగూకేసరికి తప్పకుండా వస్తాదే, మనూరికి నీళ్ల బండి యెందుకు రాదబ్బయా?" అంది. చదువు చెప్పే అబ్బాయి దగ్గర జవాబు లేదు. పుస్తకం మూసి ఒళ్లో పెట్టుకున్నాడు. చాలాసేపు ఎవరూ ఏమీ మాట్లాడలేదు. లాంతరు చుట్టూ పురుగులు తిరుగుతున్నాయి. నేను ఇన్నేళ్లు పాఠాలు చెప్పాను, శిక్షణ తరగతులకు వెళ్లాను. అభివృద్ధి గురించి అంత సూటి ప్రశ్న నేను మళ్లీ వినలేదు.

కలిగిరి మండలంలో దూబగుంట అనే ఊరుంది. అక్కడి ఆడవాళ్లు ఊళ్లో సారా అమ్మకాన్ని ఆపేశారు. వాళ్లలో ముందు నిలిచిన రోశమ్మను తర్వాత రాష్ట్రమంతా ఊరి పేరుతో కలిపి దూబగుంట రోశమ్మ అని పిలుచుకుంది. ఆ ఊరి కథే 'ఆడవాళ్లు ఏకమైతే' అన్న పాఠంగా అక్షరాస్యతా వాచకంలోకి వచ్చింది. పాఠం చదివిన ఊరు పాఠంలోని ఊరిలా నడిచింది. 1992లో జిల్లా అంతటా ఆడవాళ్లు సారా బండ్లను ఊరి పొలిమేరలోనే ఆపారు. సారా వేలంపాటలు మళ్లీ మళ్లీ వాయిదా పడ్డాయి. 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. అప్పటి ముఖ్యమంత్రి కోట్ల విజయభాస్కరరెడ్డి ఈ కర్నూలు జిల్లావారే. 1995 జనవరిలో ఎన్టీఆర్ ప్రభుత్వం సంపూర్ణ మద్యనిషేధం తెచ్చింది. 1997లో దాన్ని సడలించారు. మా తాత సారా పూర్తిగా మానలేదు, అది కూడా చెప్పాలి. కానీ అమ్మమ్మ అరుగు ఎక్కకముందు ఆయన తాగి వస్తే తన ఖర్మ అనుకునేది. తర్వాత ఎప్పుడూ ఆ మాట అనలేదు. "బండి తోలేవాడొకడు, అమ్మేవాడొకడు, పాట పాడుకునేవాడొకడు, లెక్క రాసుకునేవాడొకడు" అని వేళ్లు మడిచి లెక్కపెట్టేది. ఖర్మ ఒకటే అనుకున్నదాన్ని నలుగురు మనుషులుగా విడదీసి చూసింది ఆవిడ. సంతకం పెట్టడం మాత్రం చివరిదాకా వంకరగానే వచ్చింది.

చాలా ఏళ్ల తర్వాత బ్రెజిల్ విద్యావేత్త పావులో ఫ్రేరే గురించి చదివినప్పుడు, ఆ అరుగు నా కళ్ల ముందుకొచ్చింది. 1963లో ఆ దేశపు ఈశాన్యంలో ఆంజికోస్ అనే కరువు ఊళ్లో ఆయన బృందం సుమారు మూడు వందల మంది కూలీలకు 40 గంటల పాఠాలతో చదవడం రాయడం నేర్పింది. అక్షరమాలతో మొదలుపెట్టలేదు. ముందు ఆ ఊళ్లో తిరిగి, జనం నోళ్లలో ఏ మాటలున్నాయో విని, వాటిలోంచి కొన్ని ఏరుకున్నారు. ఇటుక అన్న మాట తీసుకుంటే, ఆ మాటను అక్షరాలుగా విడదీయడానికి ముందు ఇటుక గురించి మాట్లాడుకుంటారు. ఎవరు కాలుస్తారు, ఎవరు మోస్తారు, మోసినవాడి ఇల్లు దేనితో కట్టి ఉంది? మరుసటి ఏడు సైన్యం అధికారం లాక్కుంది. ఫ్రేరేను సుమారు 70 రోజులు జైల్లో పెట్టింది, తర్వాత దేశం వదిలిపోవాల్సి వచ్చింది. కూలీలకు అఆలు నేర్పినందుకు ఇంత భయమా అనిపిస్తుంది. కానీ ఆయన నేర్పింది వట్టి అఆలు కాదని ఆ సైన్యానికి బాగానే తెలుసు. పిల్లల బుర్రల్లో టీచరు సమాచారం జమ చేసి పరీక్షనాడు వెనక్కి తీసుకునే చదువును ఆయన బ్యాంకు వ్యవహారంతో పోల్చాడు. ఆ పోలిక చదివిన రోజు నా అట్టలు, నా బుడ్డలు, నా పటం అన్నీ గుర్తొచ్చాయి. నేను వేసిన జమలే అవన్నీ.

మాకు ఫ్రేరే ఇటుక లాంటి మాట ఏదని అడిగితే వెతుక్కోనక్కర్లేదు. హాజరు తీసేటప్పుడు రోజూ వింటున్నదే.

మార్చి నెలాఖరుకు కొందరు పిల్లలు తిరిగొచ్చారు. నల్లబడి, కాస్త పొడుగై, తరగతిలో ఎక్కడ కూర్చోవాలో తెలియనట్టు వెనక నిలబడ్డారు. అంతకు ముందు ఏళ్లలో నేను చేసేది ఒకటే, తప్పిపోయిన పాఠాల నోట్సు రాసుకోమనడం. వాళ్ల నాలుగు నెలలూ నా దృష్టిలో ఒక గొయ్యి, అది పూడ్చుకోవడం వాళ్ల పని. ఆ ఏడు సుద్దముక్క ఒకడి చేతికిచ్చి, నువ్వు చూసింది చెప్పరా అన్నాను. వాడు చాలాసేపు బోర్డు వైపే తిరిగి నిలబడ్డాడు. తర్వాత ఒక మాట రాశాడు: తాలు. ఎర్రరంగు పోయి తెల్లబారిన కాయ, దాన్ని ఏరి వేరే కుప్ప పోయాలి, ధర తక్కువ. ఇంకో మాట: టిక్కీ. మిరపకాయలు తొక్కి నింపిన బస్తా. ముచ్చిక. కల్లం. నాకు కొత్తవైన మాటలు కొన్ని ఉన్నాయి వాటిలో. నేను నా నోట్సులో రాసుకుంటుంటే తరగతి నన్ను వింతగా చూసింది.

కోతకు కేజీకింతని లెక్క. కాబట్టి చిన్నవాళ్ల చేతులూ లెక్కే. పట్టాల గుడిసెల్లో పడుకుంటారు. రాత్రి చేతులు మండుతాయి, నిద్రలో కన్ను నలుపుకుంటే తెల్లారేదాకా ఏడుపే. "మంట ఎట్ల తగ్గుతాది?" అని ముందు బెంచీ అడిగింది. "తగ్గదు. అలవాటైతాది" అన్నాడు. తర్వాత నేను ఊహించని సంగతి చెప్పాడు. "ఈ యేడు రైతు కూడా ఏడ్సినాడు టీచర్. కల్లం కాడ కూసోని." 2025 మొదట్లో మిరప ధర పడిపోయిన సంగతి నాకు వార్తల్లో తెలుసు. విదేశీ గిరాకీ తగ్గింది, కోల్డ్ స్టోరేజీల్లో పాత సరుకు మిగిలే ఉంది. ఫిబ్రవరిలో కేంద్రం క్వింటాలుకు 11,781 రూపాయల ధర ప్రకటించి ఆదుకుంటామంది. కానీ ధర పడ్డాక కూలి తగ్గించిన రైతు మీద కోపం ఉండాల్సిన పిల్లవాడు, ఆ రైతు ఏడుపు చూసి వచ్చి, దాన్ని తన పాఠంలో చేర్చాడు. దోషి దొరికాడని అక్కడితో ఆగిపోలేదు వాడు. "ధర తగ్గించినోడు యాడుంటాడు టీచర్?" అన్నాడు.

ఆ ప్రశ్న పట్టుకుని పటం ముందుకు పోయాం. ఒక ఉండ దారం తెప్పించాను. మిరప పుట్టింది అమెరికా ఖండాల్లో, మెక్సికో వైపు. పోర్చుగీసు ఓడల్లో లిస్బన్ మీదుగా గోవాకు చేరింది. అంతకు ముందు మన కూరల్లో కారమంటే ముఖ్యంగా మిరియమే, మిరపకాయ పేరులో ఆ మిరియం ఇంకా వినిపిస్తూనే ఉంది. గోవా నుంచి గుంటూరుకు దారం లాగాం. గుంటూరు యార్డు నుంచి తేజ రకం కాయలు చైనాకు పోతాయి, వాటిలోంచి కారాన్నీ రంగునూ నూనెగా తీస్తారు. దారం చైనా దాకా పోయింది. అప్పుడు బుడ్డల అమ్మాయి లేచి, మా ఊరి దగ్గర గుండుసూది గుచ్చి, అక్కడి నుంచి గుంటూరుకు ఇంకో చిన్న దారం కట్టింది. పటం మీద అది వేలి గోరంత కూడా లేదు. బండి మీద మూడు వందల కిలోమీటర్లకు పైనే. మెక్సికో నుంచి చైనా దాకా పోయే అంత పొడుగు దారం ఆ గోరంత దారం లేకపోతే తెగిపోతుందని ఎవరూ పైకి అనలేదు. అందరూ దాన్నే చూస్తూ ఉండిపోయారు. ధర తగ్గించినవాడు ఎక్కడుంటాడో ఆ రోజు మాకు దొరకలేదు. ఒకడు కాదేమో, చాలామందేమో అని నేను మొదలుపెట్టి, అమ్మమ్మ మడిచిన వేళ్లు గుర్తొచ్చి, ఒక్కొక్కరినీ బోర్డు మీద రాయించాను. బోర్డు నిండింది కానీ జాబితా పూర్తి కాలేదు.

తర్వాతి నవంబరులో ఆ అమ్మాయి కుటుంబం కూడా బయలుదేరింది. ఆ ఏడు వానలు సరిగా లేవు. వలసపోయేవాళ్ల పిల్లల కోసం నడిపే సీజనల్ హాస్టల్లో ఉంచి చదివిద్దాం, నేను చూసుకుంటానని వాళ్ల అమ్మకు చెప్పి చూశాను. "చిన్నోణ్ని ఎవరు చూస్తారు సారమ్మా, నేను చేలో ఉంటే?" అంది. ఆవిడ లెక్క ఆవిడకుంది. దాన్ని కాదనడానికి నా దగ్గర ఉన్న మాటలన్నీ నెల జీతం వచ్చేవాళ్ల మాటలు. లారీ వచ్చే సాయంత్రం ఆ అమ్మాయి బడికొచ్చి, పాత పుస్తకంలోని పటం కాగితం ఒకటి, కాస్త దారం అడిగింది. ఎందుకమ్మా అన్నాను. గుంటూరులో వాళ్లు దిగే చేను పక్కన ఇటుక బట్టీ ఉందట. అందులో ఒడిశా నుంచి వచ్చిన పిల్లలు ఉంటారట. "వాళ్లది ఎంత దూరమో కొలవాల టీచర్. మాకంటే దూరమేమో" అంది. పటాన్ని నాలుగు మడతలు పెట్టి, మధ్యలో దారం ఉంచి, బియ్యం మూటలో పైకే దోపుకుంది.

మర్నాడు హాజరు తీస్తూ ఆ పేరు దగ్గరికి వచ్చాను. పిలిచాను. ముందు బెంచీలోంచి ఎవరో, "సుగ్గికి పోయింది టీచర్" అన్నారు.

"ఏ ఊరికి?" అని అడిగాను.